భీమమ్మ వేలు, ఈరన్న షుగరు

పెద్ద ఈరన్న వేలిని రెండేళ్లలో నేను ఒక్కసారి కూడా పట్టుకోలేదు. అయినా ఆ రెండేళ్లూ నెలనెలా ఆయన షుగరు ఎంతుందో ట్యాబులో ఎక్కించింది నేనే. ముందే చెప్పేస్తున్నాను. చివర్లో చెబితే దాచిపెట్టిందంటారు. దాచడం నాకు చేతకాదు, అరవడమే చేతనవును.

నా పేరు రాహేలమ్మ. మాది కడప జిల్లా, ముద్దనూరు పక్క పల్లె. ఏఎన్‌ఎం ఉద్యోగం వచ్చి ఈ పడమటి కర్నూలు ఊళ్లలో పడి ఇరవై ఏడేళ్లయింది. ఇప్పుడున్న బూదిదొడ్డి ఊరివాళ్లకు నేను నర్సమ్మను. "నర్సమ్మ నోరు మిరక్కాయ, చెయ్యి వెన్న" అంటారు. సూది గుచ్చితే నొప్పి తెలియదట. నోటి సంగతి నేనేమీ కాదనను.

ఒకప్పుడు పదకొండు రిజిస్టర్లు చంకన పెట్టుకుని తిరిగేదాన్ని. ఇప్పుడు ఒక ట్యాబు. మొదట్లో దాన్ని తిట్టని రోజు లేదు. సిగ్నల్ కోసం నీళ్ల ట్యాంకు మెట్లెక్కి నిలబడేదాన్ని. అయితే కిందటేడు మా ఊరి పిల్ల సుప్రజకు డోన్ స్టేషన్లో నొప్పులు వచ్చాయి. పక్కన భర్త కూడా లేడు. అక్కడి ఆసుపత్రిలో ఆమె ఆరోగ్య నంబరు కొట్టేసరికి రక్తం గ్రూపు, పాత ఆపరేషను సంగతి, నేను రాసిన ప్రతి ముక్కా తెర మీదికి వచ్చిందట. తల్లీ బిడ్డా బతికి ఇంటికొచ్చారు. ఆ రోజు నుంచి ట్యాబును తిట్టడం తగ్గించాను. మానలేదు, తగ్గించాను.

దానితో ఉన్న తంటా ఎర్ర చుక్క. షుగరు, బీపీ ఉన్నవాళ్లకు నెలకోసారి పరీక్ష చేసి అంకె ఎక్కించాలి. ఎక్కించకపోతే వాళ్ల పేరు పక్కన ఎర్ర చుక్క పడుతుంది. చుక్కలు పది దాటితే పై ఆఫీసు నుంచి ఫోను వస్తుంది. ఆ ఫోనులో మాట్లాడే పిల్లవాడికి నా కొడుకు వయసు కూడా ఉండదు. "ఏంటమ్మా, మీ ఊరంతా ఎర్రగా ఉంది" అంటాడు. పత్తి తీతల కాలంలో ఊళ్లో మగవాడు దొరికితే కదా, నాయనా!

పెద్ద ఈరన్నకు షుగరు ఉన్నమాట నిజం. మూడేళ్ల కిందట ఊరందరికీ పరీక్షలు చేసినప్పుడు బయటపడింది, కొంచెమే. రోజుకో చిన్న మాత్ర చాలన్నారు. ఆ రోజు ఆయన భార్య భీమమ్మకు కూడా చూశాను. ఏమీ లేదు. ఆమె పేరు పక్కన పచ్చ చుక్క పడింది. పచ్చ చుక్క పడ్డవాళ్ల గురించి ట్యాబు అడగదు, ట్యాబు అడగనివాళ్ల గురించి నేనూ అడగడం మానేశాను.

తర్వాత ఏడాది దాకా ఎట్లాగో ఆయన్ని చేని గట్టు మీద పట్టుకుని వేలు గుచ్చేదాన్ని. ఆపై దొరకడం మానేశాడు. బుధవారం విలేజ్ క్లినిక్‌కు రమ్మంటే, "ఆడోళ్లు కూసునే తావుకి నేనేంటికి వచ్చేది?" అనేవాడు. మాత్రలు తీసుకుపోవడానికి భీమమ్మే వచ్చేది. ఒక బుధవారం పొద్దుగూకే వేళ వరసలో అందరికన్నా చివర కూర్చుంది. నాకేమో ఇంకా తొమ్మిది ఎర్ర చుక్కలున్నాయి.

"ఆయప్ప చేనికి పోయినాడు నర్సమ్మా. మాత్రలియ్యి."

"రీడింగు లేకుండా మాత్రలిచ్చేది లేదు. పిల్చకరాపో."

"ఇప్పుడు యాడ పిల్చకొచ్చేది? నా యేలు తీసుకో." అంటూ చెయ్యి చాపేసింది.

"చూడాల్సింది ఆయనకు, నీకు కాదు."

"మేమిద్దరం బేరేనా ఏంది? ఒగే బువ్వ తింటాండాము, ఒగే కుండలో నీళ్లు తాగుతాండాము. రేషన్ బియ్యానికి ఇంట్లో ఎవురు యేలు పెట్టినా ఇస్తారు. నీ మిషనుకు మొగోని యేలే కావాల్నా?"

వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే గుచ్చాను. నూట నాలుగు. ఈరన్న పేరు పక్కన ఎక్కించాను, ఎర్ర చుక్క పచ్చబడింది. ఎవరికీ నష్టం లేని అబద్ధమనుకున్నాను.

తర్వాతి నెల ఆమె అడగకుండానే వేలు చాపింది, నేను అడగకుండానే గుచ్చాను. నూట నలభై ఎనిమిది. ఇంకొన్ని నెలలకు నూట తొంభై. ఆ తర్వాత రెండు వందల ముప్పై ఆరు. "షుగరు అదుపులో లేదు" అని ట్యాబు కూసింది. వీడియోలో చూసే డాక్టరు జయకుమార్ గారు మాత్ర పెంచారు. మళ్లీ పెంచారు. ఆ మాత్రలన్నీ భీమమ్మ కొంగున కట్టుకుని ఇంటికి తీసుకుపోయి ఈరన్నకు పెట్టింది. పుణ్యాత్మురాలు, ఒక్క పూట కూడా తప్పించలేదు.

మీరు అడుగుతారు. ఏమమ్మా, గుచ్చింది ఆమె వేలని నీకు తెలుసు కదా, ఆ షుగరు ఆమెదని తట్టలేదా? తట్టలేదు. దేవుని ఎదుట కూడా ఇదే చెబుతాను. తెర మీద "పెద్ద ఈరన్న" అని ఉండేది. అంకె వేసేటప్పుడు నా మనసులో ఈరన్నే ఉండేవాడు. "నీ మొగుడు సంగటి తగ్గించుకోకపోతే చస్తాడే" అని భీమమ్మనే తిట్టేదాన్ని. ఎదురుగా కూర్చున్న మనిషి నాకు కనపడటం ఎప్పుడు మానేసిందో కూడా తెలియదు. నలభై మంది వరసలో ఉంటే, బయట చివరి బస్సు హారన్ కొడుతుంటే, మనిషి ఇట్లాగే గుడ్డిదవుతుంది. సాకు కాదు, జరిగింది చెబుతున్నాను.

కిందటి కార్తీకంలో, పత్తి తీతల మధ్యలో ఈరన్న చేన్లో పడిపోయాడు. పక్క చేను వీరేష్ తన మోటారు బండి మీద, వెనక ఇంకొకరు పట్టుకోగా, మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. ఒళ్లంతా చెమట, చేతులు వణుకు, చూపు నిలవడం లేదు. విలేజ్ క్లినిక్‌లో అప్పుడు నేనూ, ఇన్‌ఛార్జిగా వచ్చిన అంజలీ ఉన్నాం. అంజలికి పాతికేళ్లు. చదువుకున్న పిల్ల. నన్ను రాహేలక్కా అంటుంది.

ఈరన్న వేలు అంతకాలానికి నా చేతికి దొరికింది. గుచ్చాను. యాభై నాలుగు.

"మిషను చెడిపోయింది" అన్నాను. అంజలి ఇంకో మిషనుతో చూసింది. యాభై ఆరు. గబగబా చక్కెర నీళ్లు కలిపి తాగించాం. పావుగంటకు మనిషి లేచి కూర్చుని, "ఏమాయ నాకు?" అన్నాడు. ప్రాణం లేచి వచ్చింది నాకు.

అంజలి వీడియో కలిపింది. జయకుమార్ గారు తెరలో ఈరన్న పేజీ చూస్తూ నుదురు రుద్దుకున్నారు.

"సిస్టర్, వారం కింద రెండు వందల డెబ్బై ఉంది. ఇవాళ యాభై నాలుగా? ఆ రోజు ఆయన తిని వచ్చారా, తినకుండా వచ్చారా?"

ఇరవై ఏడేళ్లలో నా నోరు పడిపోయింది అదొక్కసారే.

"అక్కా, ఆయప్ప వచ్చినాడు కదా?" అంది అంజలి, నెమ్మదిగా.

"రాలేదు సార్" అన్నాను. "ఎప్పుడూ రాలేదు. రెండేళ్లుగా ఆయన భార్య వేలే తీసుకుంటున్నాను."

తెరలో డాక్టరు కదల్లేదు. సిగ్నల్ పోయిందేమో అనుకున్నాను. పోలేదు.

"మరి ఆ రెండు వందల డెబ్బై ఎవరిది సిస్టర్?"

అప్పుడు తిరిగి చూశాను. మొగుడు పడిపోయాడని తెలిసి చేని నుంచి నడిచొచ్చిన భీమమ్మ వాకిలికి ఆనుకుని నిలబడి ఉంది. ఎడమ కాలు నేలకు ఆనించకుండా ఎత్తిపట్టుకుంది. ఆ కాలికి పాత చీర గుడ్డ చుట్టి ఉంది. యేసయ్యా, ఎన్ని బుధవారాలు ఆ గుడ్డతో నా ముందు కూర్చుందో!

"ఏమయింది కాలికి?"

"ఏం ల్యా నర్సమ్మా. ముల్లు ఇరిగింది. పసుపు పెట్టినా."

"ఎన్నాళ్లయింది?"

"రెండు నెలలాయనేమో."

కూర్చోబెట్టి గుడ్డ విప్పాను. వాసనకే తెలిసిపోయింది. చిటికెన వేలు నల్లబడింది, దాని కింద పుండు లోపలికి పోయింది. చేతి వేలు గుచ్చితే మూడు వందల పద్దెనిమిది. ఈసారి ఆ అంకె ఎవరిదో నాకు బాగా తెలుసు. కట్టు అంజలే కట్టింది.

చక్కెర నీళ్ల గ్లాసు పట్టుకున్న ఈరన్నకు అప్పటికి విషయం ఎక్కింది. "అంటే, దాని రోగానికి నేను మాత్రలు మింగితినా?"

"నువ్వు వచ్చింటే నాకేంటికి ఈ కర్మ?" అంది భీమమ్మ. "యేలు నాది, మాత్రలు నీవి. బాగుండాది మన కాపురం!"

అంజలికి నవ్వొచ్చింది, వెంటనే ఆపుకుంది. డాక్టరు మాత్రం నవ్వలేదు. ఈ రోజే కర్నూలు పెద్దాసుపత్రికి పంపండి, ఇంకో పది రోజులు ఆగితే చీలమండ దాకా తీసెయ్యాల్సి వస్తుంది, ఇప్పుడైతే కాలు దక్కే వీలుంది అన్నారు.

భీమమ్మ లేచి గుడ్డ వెదుక్కోవడం మొదలుపెట్టింది. "పత్తి విచ్చుకోనుండాది. తీసి, ఆమిట్న పోతాలే."

"కాలు లేకుండా ఎట్లా తీస్తావే పత్తి? పాక్కుంటూ తీస్తావా? కూచో!" అని అరిచాను. వీధి చివరిదాకా వినపడిందట. కూచుంది.

అంబులెన్సు రావడానికి ముప్పావు గంట పడుతుందన్నారు. అంజలి ట్యాబులో భీమమ్మ పేజీ తెరిచింది. మూడేళ్ల కిందటి ఒక్క అంకె, పచ్చ చుక్క. ఆ తర్వాత ఏమీ లేదు. ఈరన్న పేజీలో మాత్రం రెండేళ్ల గీత కొండెక్కినట్టు పైకి పోతోంది. ఎక్కించిన పాత అంకెలు మేము మార్చలేం. తప్పు పడిందని, ఎందుకు పడిందని, ఎవరు చేశారని రాసి పంపాలి. డాక్టరు ఒప్పుకుంటే మారుతుంది. ఆ కాగితం పై ఆఫీసుకూ పోతుంది.

అంజలి నా పక్కకు జరిగి గుసగుసగా, "అక్కా, ఈమెది ఇప్పట్నుంచీ కొత్తగా రాద్దాం. ఆయప్పకు మాత్రలు తగ్గిచ్చమందాం. పాతవి ఎవురు చూస్తారు? నీకింకా మూడేండ్ల సర్వీసు ఉండాది. డాక్టరు సారు కూడా నీ మీద రాయడు" అంది.

ఆలోచించాను. ఆలోచించలేదంటే అబద్ధం. మూడేళ్లు కళ్లు మూసుకుంటే పింఛనుతో ముద్దనూరు పోయి మా చర్చి పక్కన కూర్చోవచ్చు. కానీ కర్నూల్లో కత్తి పట్టుకునే డాక్టరు ముందు అడిగేది ఒకటే, షుగరు ఎన్నాళ్ల నుంచి ఉందని. మూడేళ్ల కింద ఏమీ లేదని చెబుతుంది ఈమె పేజీ. కొత్త షుగరే కదా అనుకుని ఆయన ఏదో ఒకటి తేల్చేస్తే? ఇక ఈరన్న రేపు ఏ ఊళ్లోనైనా స్పృహ తప్పి పడితే, అక్కడివాళ్లు ఆయన పేజీ తెరిచి, అయ్యో షుగరు ఇంత ఎక్కువా అని ఇంకో సూది పొడుస్తారు. సుప్రజను బతికించిన ఈ నంబరే ఈయన్ని చంపుతుంది, నా చేతి రాతతో.

"ఇట్లివ్వు" అని ట్యాబు లాక్కున్నాను. రెండు వాక్యాలు రాశాను. ఈ ఇరవై నెలల రీడింగులు భీమమ్మవి. ఈరన్న రాకపోయినా ఆయన పేరున ఎక్కించినది నేను, రాహేలమ్మ, ఏఎన్‌ఎం. పంపించే బొత్తాం నొక్కేటప్పుడు మాత్రం కళ్లు మూసుకున్నాను.

భీమమ్మతోపాటు అంబులెన్సులో నేనూ ఎక్కాను. మేము కర్నూలు చేరేలోగా జయకుమార్ గారు మార్పు ఒప్పుకున్నారు. వార్డులో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. భీమమ్మ నంబరు కొట్టి, తెరలో కింది నుంచి పైదాకా చూసి, "రెండేళ్ల నుంచి పెరుగుతూ వచ్చింది, ముందు కాలికి రక్తం పారుతోందో లేదో చూద్దాం" అని పక్కవాళ్లకు చెప్పింది. తర్వాత నేను రాసిన వాక్యాలు బయటికే చదివేసి, "ఈ రాహేలమ్మ ఎవరు?" అంది. వార్డంతా నా వైపు తిరిగింది.

నేను నోరు తెరిచేలోగా భీమమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "మా నర్సమ్మనేం అనాకు తల్లీ. యేలు సాపింది నేను. ఆయమ్మ వద్దంటాంటే సాపినా. తిట్టేదుంటే నన్ను తిట్టు." డాక్టరమ్మ ఎవరినీ తిట్టలేదు. నాకు మాత్రం ఎవరైనా తిడితే బాగుండుననిపించింది.

ఆ కోరిక తర్వాత తీరింది లెండి. మెమో వచ్చింది. కర్నూలు ఆఫీసుకు పోతే, నాకంటే గట్టిగా అరిచే మనిషిని మొదటిసారి చూశాను. హెచ్చరిక కాగితం చేతిలో పెట్టి, మీ ఊళ్లో ఇంకా ఎవరివి ఇట్లా ఉన్నాయో వెతికి రాయమన్నారు. వెతికితే ఇంకా పదకొండు ఇళ్లలో ఇదే బాగోతం. పెళ్లాం వేలు, కోడలి వేలు, ఒకచోట తమ్ముడి వేలు. మిషను సంచిలో వేసుకుని పక్షం రోజులు చేలమ్మటి తిరిగాను. ఎవరి వేలు వాళ్లదే, ముఖం చూసి, పేరు పిలిచి మరీ గుచ్చాను. ఒకాయన పారిపోతుంటే మిరప చేన్లో వెంటపడి పట్టుకున్నాను. యాభై తొమ్మిదేళ్ల ఆడమనిషిని నేను, నాకూ ఉంది బీపీ.

భీమమ్మకు కాలి చిటికెన వేలు తీసేశారు. కాలు దక్కింది. పద్దెనిమిది రోజులు వార్డులో ఉంది. ఆ పద్దెనిమిది రోజులూ ఈరన్న రొట్టె, పప్పు కట్టుకుని బస్సులో పోయి వస్తూనే ఉన్నాడు. ఇప్పుడాయనకు మళ్లీ ఆ పాత చిన్న మాత్ర ఒక్కటే. బుధవారం వస్తే ఆడవాళ్ల మధ్యలో తల వంచుకుని కూర్చుంటాడు, ముందుగా వేలు చాపుతాడు.

మొన్న మాఘంలో భీమమ్మ ఒక్కతే క్లినిక్‌కు వచ్చింది. ఇంక కట్టు అక్కర్లేదని డాక్టరు వీడియోలో చూసి చెప్పారు. ఆమె చెప్పులు వాకిట్లో వదిలి, రెండు పాదాలూ నేల మీద ఆనించి వాకిలి నుంచి నా బల్ల దాకా నడిచింది. మళ్లీ వెనక్కి నడిచింది. "తొమ్మిది చాలు నడిచేకి" అంది. నాకు పట్టలేనంత సంతోషమేసింది. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి, "చెప్పుల్లేకుండా నడవొద్దని ఎన్నిసార్లు చెప్పాలే!" అని అరిచాను.

వేలు గుచ్చాను. నూట ముప్పై రెండు. ఆమె పేరు పక్కనే ఎక్కించాను.

"నర్సమ్మా, దాంట్లో నాదంతా ఉండాదంట కదా? మొదట్నించీ సదువు, ఇంటా" అంది స్టూలు మీద సర్దుకుని కూర్చుని.

చదివాను. "ఉగాది నెల, నూట నాలుగు."

"ఊఁ. అప్పుడు బాగుంటిని. ఆ యేడే మంత్రాలయానికి నడిచి పోయొస్తిని."

"తర్వాతి నెల, నూట నలభై ఎనిమిది."

"రేత్రి ఊరికే లేస్తాంటిని, ఒంటికి పోయేకి."

"శ్రావణం. నూట తొంభై."

"దప్పిక! కుండ కుండ తాగేస్తాంటిని. మా ఆయప్ప, నువ్వు మనిషివా ఎద్దువా అనె."

"సంక్రాంతి అయిపోయాక. రెండు వందల ముప్పై ఆరు."

"బియ్యంలో రాళ్లు కనపడకపాయ. కోడలు ఏరతాంది అప్పట్నించీ. కాళ్లు సురసుర మంటాండె. కలుపుకి పోతే అందరి కన్నా ఎనకబడతాంటి." ఆగింది. తర్వాతి అంకె చదవబోతుంటే నా చేతి మీద చెయ్యి వేసింది. "ఇదంతా బాగల్యాకనా నర్సమ్మా? రెండేండ్లూ నాకు బాగల్యాకుండెనా? నాకెవురూ చెప్పకపాయిరే."

"చెప్పాల్సింది నేనే భీమమ్మా. చెప్పలేదు. తప్పయింది" అన్నాను. ఇంతకన్నా మెత్తగా నేను ఎవరితోనూ ఎప్పుడూ మాట్లాడలేదు.

ఏడుస్తుందనుకున్నాను. ఆమె తల పక్కకు వంచింది. ముఖం కొంచెం కొంచెంగా విచ్చుకుంది.

"యాభై రెండుకే ముసిల్దాన్నైపోతి అనుకుంటిని. ఇంక అయిపాయలే, నా బతుకు ఇంతేలే అనుకుంటిని. అయితే నేను ముసిల్దాన్ని కాల్యా!"

"కాలేదే" అన్నాను.

బయట బుధవారం వరస ఎదురుచూస్తోంది. ఆమెకు ఆ పట్టింపేమీ లేదు. స్టూలును ఇంకొంచెం దగ్గరకు లాక్కుని, "ఇంకో తూరి సదువు" అంది. మళ్లీ ఉగాది నెల నుంచి మొదలుపెట్టాను.